బ్యాగు వాడిది, హోంవర్క్ వాడిది

ప్రశ్న: మా బాబుకి ఏడేళ్ళు, రెండో తరగతి. పోయినేడాది ఏ ఇబ్బందీ లేదు. ఈ ఏడాది టీచర్ బాగా స్ట్రిక్ట్. వారంలో రెండు మూడుసార్లు డైరీలో ఎర్ర ఇంకుతో ఏదో ఒకటి రాసి పంపుతున్నారు. ‘నోట్‌బుక్ తేలేదు’, ‘ఆలస్యంగా వచ్చాడు’, ‘చెయ్యెత్తకుండా మాట్లాడుతున్నాడు’ అని. మొన్నయితే ‘హోంవర్క్ దయచేసి బాబు చేతే రాయించండి’ అని రాశారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆఫీసు నుంచి వచ్చేసరికే ఏడవుతుంది. వాణ్ణి కూర్చోబెడితే ఒక్క పేజీకి గంట. ఏడుపులు, అరుపులు. పదిన్నర దాటిపోతోందని మిగిలింది నేనే ఎడమచేత్తో రాసేస్తున్నాను. మావారేమో ‘వాడి చదువు సంగతి నువ్వు చూసుకోవాలి కదా’ అంటారు. రెండు వారాలుగా వాడు పొద్దున్నే కడుపునొప్పి అంటున్నాడు. స్కూల్ మార్చేయమంటారా?

జవాబు: మీ ఉత్తరంలో ‘ఎడమచేత్తో’ అన్న మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయానమ్మా. రోజంతా పనిచేసి వచ్చి, రాత్రి పదిన్నరకి, పిల్లాడి అక్షరాల్లా కనిపించాలని వంకరగా రాస్తూ కూర్చున్న తల్లి కళ్ళ ముందు కదిలింది. మీది అశ్రద్ధ కాదు. ఉన్న ఓపికంతా పెడుతున్నారు. కాకపోతే వాడు చేయాల్సిన పనులు కూడా మీరే చేస్తున్నారు.

ముందు కడుపునొప్పి సంగతి. ఈ వారంలోనే డాక్టర్‌కి చూపించండి. నాటకమాడుతున్నాడని మాత్రం అనుకోకండి. పిల్లల్లో భయం, టెన్షన్ నిజమైన నొప్పిగానే బయటపడతాయి. సెలవు రోజున కూడా వస్తోందా, స్కూల్ ఉన్న రోజే వస్తోందా గమనించండి. పనిలో పనిగా కళ్ళు కూడా పరీక్ష చేయించండి. బోర్డు మీద అక్షరాలు ఆనక, పక్కవాణ్ణి అడిగి రాసుకునే పిల్లలు ‘కబుర్లు చెబుతున్నాడు’, ‘పని పూర్తి చేయడు’ అనిపించుకుంటూ ఉంటారు. ఎవరైనా ఏడిపిస్తున్నారేమో కూడా అడగండి. ఎదురుగా కూర్చోబెట్టి ప్రశ్నలు వేస్తే చెప్పడు. లైటు తీసేసి పక్కన పడుకున్నప్పుడు అడిగితే చెబుతాడు.

ఇక టీచర్ విషయం. క్లాసులో ముప్ఫై మంది పిల్లలుంటారనుకోండి. ‘నా పెన్సిల్ ఏది’, ‘ఏ నోట్‌బుక్ తియ్యాలి’ అంటూ ఒక్కొక్కరూ ఆమెను ఒక్క నిమిషం ఆపితే అరగంట పోతుంది. అందుకే చిన్న తరగతుల్లో ప్రతిదానికీ ఒక పద్ధతి ఉంటుంది. రాగానే బ్యాగు ఎక్కడ పెట్టాలి, డైరీ ఎక్కడ ఉంచాలి, మాట్లాడాలంటే ఏం చేయాలి, బెల్లు కొట్టాక ఏం చేయాలి. బయటి నుంచి చూస్తే మిలటరీ క్యాంపులా అనిపిస్తుంది కానీ, పిల్లలకి అది ఊరట. తర్వాత ఏం జరుగుతుందో ముందే తెలిస్తే ఆ ధ్యాస అంతా చదువు మీద పెట్టగలుగుతారు. చెయ్యెత్తడం కూడా అంతే. చొరవగా అరిచి చెప్పే నలుగురి మధ్య, నెమ్మదిగా ఆలోచించే పిల్లకి కూడా వంతు రావాలంటే అదొక్కటే దారి.

ఆలస్యం గురించి కూడా ఒక మాట. పది నిమిషాలే కదా అని మనకి అనిపిస్తుంది. ఆ రోజంతా ఏం చేయబోతున్నారో టీచర్ చెప్పేది ఆ పది నిమిషాల్లోనే. అందరూ పుస్తకాలు తెరిచి కూర్చున్నాక తలుపు దగ్గర నిలబడ్డ ఏడేళ్ళ పిల్లాణ్ణి ఊహించుకోండి. అన్ని తలలూ ఒక్కసారిగా వాడివైపు తిరుగుతాయి. ఏ పేజీయో తెలీదు, అడగాలంటే సిగ్గు. కడుపులో నొప్పి పుట్టడానికి అది చాలు.

హోంవర్క్ దగ్గర నా అభిప్రాయం గట్టిగానే చెబుతాను. దయచేసి ఇవాళ్టి నుంచి మీరు రాయడం మానేయండి. టీచర్ హోంవర్క్ ఇచ్చేది వాడికి ఏది వచ్చింది, ఏది రాలేదు చూసుకోవడానికి. మీరు పూర్తి చేసి పంపితే, వచ్చేసిందనుకుని ఆమె తర్వాతి పాఠానికి వెళ్ళిపోతారు. వాడు వెనకబడిపోతాడు. తరగతికి పది నిమిషాల చొప్పున హోంవర్క్ అన్నది చాలామంది ఉపాధ్యాయులు వాడే కొలత. ఆ లెక్కన రెండో తరగతికి 20 నిమిషాలు. సరే, మరో పది నిమిషాలు కలపండి. అప్పటికీ అవ్వకపోతే పుస్తకం మూసేయించి, వాడు ఎక్కడ ఆగాడో అక్కడ పెన్సిల్‌తో గీత గీయండి. డైరీలో ఇలా రాయండి: ‘అరగంట కూర్చుని ఇంతవరకు తనే చేశాడు. మూడో లెక్క దగ్గర ఆగిపోయాడు.’ మంచి టీచర్‌కి ఆ ఒక్క వాక్యం, తప్పుల్లేని పేజీ కన్నా ఎక్కువ పనికొస్తుంది.

పక్కన అసలు కూర్చోవద్దా అంటే, కూర్చోండి. వుడ్, బ్రూనర్, రాస్ అనే ముగ్గురు పరిశోధకులు 1976లో ఒక పేపర్ ప్రచురించారు. మూడు నుంచి ఐదేళ్ళ పిల్లలకి చెక్క దిమ్మలిచ్చి పిరమిడ్ కట్టించారు. పెద్దవాళ్ళు సాయం ఎలా చేయాలో వివరించడానికి అందులో వాడిన పోలిక పరంజా. గోడ లేచేటప్పుడు పరంజా కడతాం, గోడ నిలబడ్డాక విప్పేస్తాం. మీరు చేయాల్సిందీ అదే. మొదటి లెక్క కలిసి చేయండి. రెండోది వాడు చేస్తుంటే చూడండి. మూడోదానికి లేచి మీ పని మీరు చేసుకోండి, కేక వేస్తే వినపడేంత దూరంలో. హోంవర్క్ చేస్తే బొమ్మ కొనిస్తానని మాత్రం అలవాటు చేయకండి. 1973లో లెప్పర్, గ్రీన్, నిస్బెట్ అనేవాళ్ళు బొమ్మలు గీయడం ఇష్టమున్న చిన్నపిల్లల్ని గమనించారు. గీస్తే బహుమతి ఇస్తామని ముందే చెప్పి గీయించిన పిల్లలు, ఆ తర్వాత తమంతట తాము గీయడం తగ్గించేశారు. ‘ఆ చివరి వరుస చాలా పొందిగ్గా రాశావురా’ అన్న మాట చాలు.

అసలు మొదలుపెట్టాల్సింది హోంవర్క్‌తో కూడా కాదు, బ్యాగుతో. మా వాడు ఆ వయసులో ఉన్నప్పుడు ఒక ఆదివారం వాడి బ్యాగు నేల మీద బోర్లించాను. ముక్కు విరిగిన పెన్సిళ్ళు నాలుగు, మూత లేని గమ్ము సీసా, జత కుదరని రెండు సాక్సులు, అడుగున నలిగి ఉండలా చుట్టుకుపోయిన కాగితం. విప్పి చూస్తే అప్పటికి మూడు వారాల కిందట జరిగిపోయిన పేరెంట్స్ మీటింగ్ పిలుపు. ప్రతి రాత్రీ బ్యాగు సర్దింది నేనే. అందులో ఏముందో వాడికి తెలీదు, నాకూ తెలీలేదు. ఆ రోజు నుంచి సర్దడం వాడి పని, చూడటం నా పని అనుకున్నాం. మొదటి వారం ఘోరంగా ఉంది. నెలన్నరకి దారిలో పడింది.

మీ వాడితో కూడా అలాగే చేయండి. తలుపు పక్కన బ్యాగుకి ఒక చోటు. పక్కన గోడకి ఒక కాగితం. అందులో వాడే వేసిన నాలుగు బొమ్మలు: డైరీ, నోట్‌బుక్కులు, పెన్సిల్ బాక్సు, నీళ్ళ సీసా. రాత్రి పడుకునే ముందు ఆ బొమ్మలు చూస్తూ వాడే సర్దుకోవాలి. మీరు ‘డైరీ పెట్టావా, పెన్సిల్ పెట్టావా’ అని వరసగా అడగకండి. ‘కాగితం చూశావా’ అని ఒక్క ప్రశ్న. ఏడేళ్ళ పిల్లలకి ఒక్క ఊపులో ఐదు పనులు చెబితే అన్నీ గుర్తుండవు. అది మొండితనం కాదు, ఆ వయసు మెదడు అంతే. ఒకరోజు నోట్‌బుక్ మర్చిపోతాడు. మీరు పరుగెత్తుకెళ్ళి ఇచ్చి రావద్దు. అయితే వాణ్ణి ఒంటరిగా అలా వదిలేయకుండా, ‘సర్దుకోవడం ఇప్పుడే నేర్పుతున్నాం, కొన్నాళ్ళు మర్చిపోవచ్చు’ అని టీచర్‌కి ముందే చెప్పి ఉంచండి.

ఇవన్నీ ఒకేసారి మొదలుపెట్టకండి. లండన్‌లో పెద్దవాళ్ళ మీద చేసిన ఒక అధ్యయనంలోనే ఒక కొత్త అలవాటు దానంతటదే జరిగిపోవడానికి సగటున 66 రోజులు పట్టింది. మన చిన్నవాడికి రెండు వారాలకే రాలేదని కోప్పడితే ఎలా?

నిద్ర కూడా చూడండి. ఆరు నుంచి పన్నెండేళ్ళ పిల్లలు రోజుకి 9 నుంచి 12 గంటలు నిద్రపోవాలని అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2016లో సిఫారసు చేసింది. పదిన్నర దాకా ఏడ్చి పడుకుని, పొద్దున్నే లేచే పిల్లాడికి అందులో ఎంత దక్కుతోందో మీరే లెక్క వేసుకోండి. హోంవర్క్‌కి గడియారం పెడితే సగం నిద్ర తిరిగి వస్తుంది. మిగతాదాని కోసం పడుకునే టైమ్‌ని రెండు మూడు రోజులకొకసారి పావుగంట ముందుకి జరుపుకుంటూ రండి.

ఇక్కడ మీవారికి ఒక మాట. అయ్యా, ఈ పేరా మీరే చదవండి. వాడి చదువు ‘ఆమె సంగతి’ కాదు. రాత్రి బ్యాగు సర్దేటప్పుడు పక్కన ఉండటం, పొద్దున టైముకి బయల్దేరదీయడం, ఈ రెండూ మీవి. ఆమెకి సాయం చేయడం అనుకోకండి. వాడికి మీరు కూడా కావాలి.

స్కూల్ ఇప్పుడే మార్చవద్దు. బ్యాగు సర్దుకోలేని పిల్లాడు కొత్త స్కూల్లోనూ సర్దుకోలేడు, పైగా అక్కడ స్నేహితులు కూడా ఉండరు. ముందు టీచర్‌తో మాట్లాడండి. గేటు దగ్గర, అందరి మధ్యా, నిలబడి కాదు. ఓ పావుగంట టైమ్ అడిగి ఇద్దరూ వెళ్ళండి. సంజాయిషీలు వద్దు, ఫిర్యాదులూ వద్దు. ఆమెను ఇవి అడగండి. క్లాసులోకి రాగానే వాడు తనంతట తాను చేయాల్సినవేంటి? రోజులో ఏ సమయంలో ఎక్కువ ఇబ్బంది పడుతున్నాడు? ఏ పని సంతోషంగా చేస్తాడు? పిల్లల్ని నిశ్శబ్దంగా ఉండమనడానికి మీరు ఏ మాట వాడతారు? ఆ మాటే ఇంట్లోనూ వాడండి. రెండు చోట్లా ఒకే మాట వినిపిస్తే పిల్లలు తొందరగా అందుకుంటారు. వారానికి ఒక్క మంచి వాక్యం కూడా డైరీలో రాయమని ఆమెను అడగండి. అడగడానికి మొహమాటపడొద్దు. ఎర్ర ఇంకు తప్ప ఏమీ చూడని పిల్లాడు డైరీనే దాచేయడం మొదలుపెడతాడు.

వాడి ముందు టీచర్‌ని ఒక్క మాట కూడా అనకండి. అలాగని అన్నీ భరించమనడం లేదు. అందరి ముందూ వాణ్ణి వెక్కిరించినా, చెయ్యి చేసుకున్నా అది క్రమశిక్షణ కాదు. అదే రోజు వెళ్ళి హెడ్మాస్టర్‌తో మాట్లాడండి. మీరు రాసినదాన్ని బట్టి ఈ టీచర్ అలాంటి మనిషి అనిపించలేదు. ‘దయచేసి’ అని రాశారామె. మీ ఎడమచేతి రాత గుర్తుపట్టి కూడా వాణ్ణి నిలదీయకుండా మీకు రాశారు.

ఆ నోట్ కింద ఇవాళ రాత్రే ఈ నాలుగు ముక్కలు రాసి పంపండి: ‘మేడమ్, మీరు చెప్పింది నిజమే. తొందరలో నేనే రాశాను. ఇకనుంచి తను చేసినంతే పంపుతాను. మిమ్మల్ని కలవడానికి ఒక పావుగంట చెప్పగలరా?’ ఈసారి మీ కుడిచేత్తో రాయండి.