కొత్త ఊరు ఏజెన్సీకి ఇవ్వండి, పాత లైన్ ఇవ్వకండి

ప్రశ్న: మాది బరంపురంలో అప్పడాలు, వడియాలు, పచ్చళ్ళ యూనిట్. మా అత్తగారి కాలం నుంచి నడుస్తోంది. బరంపురం, ఛత్రపురం, గుణుపురం, రాయగడ, ఇటు ఇచ్ఛాపురం వరకు మా సేల్స్‌మన్‌లు ఇద్దరే సరుకు వేస్తారు. నెలకి 8 లక్షల దాకా అమ్మకం, తయారీ ఖర్చు, రవాణా పోను వందకి 18 రూపాయలు మిగులుతుంది. ఈమధ్య భువనేశ్వర్ నుంచి ఒక ఏజెన్సీ వాళ్ళు వచ్చారు. నలుగురు కుర్రాళ్ళని పెడతాం, నెలకి 90 వేలు, అమ్మకం మీద 3 శాతం కమిషన్ ఇవ్వండి, భువనేశ్వర్, కటక్‌తో పాటు మీ పాత లైన్లు కూడా మేమే చూసుకుంటాం అంటున్నారు. మా అబ్బాయి ఒప్పేసుకుందామంటాడు. నాకేమో టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?
– పాఠకురాలు, బరంపురం

జవాబు: అమ్మా, భువనేశ్వర్, కటక్ వరకు ఆలోచించండి. పాత లైన్లు మాత్రం వద్దు, ఎంత తక్కువకి చేస్తామన్నా వద్దు.

ముందు లెక్క చూడండి. 90 వేల మీద ఏజెన్సీ 18 శాతం జీఎస్టీ వేస్తుంది, అంటే 1,06,200. మామూలుగా అయితే ఆ జీఎస్టీని ఇన్‌పుట్ క్రెడిట్‌గా, అంటే మన అమ్మకాల మీద కట్టాల్సిన పన్నులోంచి తగ్గించుకుని, వెనక్కి తీసుకుంటాం కానీ, అప్పడాల మీద జీఎస్టీ లేదు కదా, అందుకే ఆ అమ్మకాల వాటాకి క్రెడిట్ రాదు, పచ్చళ్ళలాంటి పన్ను పడే సరుకు మేరకే వస్తుంది. మీ సరుకులో ఎక్కువ భాగం అప్పడాలే అయితే ఆ డబ్బు దాదాపు అంతా మీ ఖర్చే. ఇక మీకు మిగిలే 18లో 3 కమిషన్‌కి పోతే 15. కమిషన్ మీద పడే జీఎస్టీ లెక్కలోకి తీసుకోకపోయినా, నెలకి 1,06,200 తిరిగి రావాలంటే నెలనెలా కొత్తగా 7 లక్షల 8 వేల అమ్మకం కావాలి, అది కూడా లాభం కోసం కాదు, నష్టం రాకుండా ఉండటానికి. ఇంతకాలం కష్టపడి పెంచుకున్న మీ వ్యాపారం మొత్తం నెలకి 8 లక్షలు. ఈ అంకె మీ అబ్బాయికి కాగితం మీద వేసి చూపించండి.

అలాగని ఏజెన్సీలు పనికిరావని కాదు. కటక్‌లో ఏ వీధిలో హోల్‌సేల్ కొట్లున్నాయో, ఎవరు రొక్కం ఇస్తారో, ఎవరు తిప్పుతారో మీ వాళ్ళకి తెలియదు, నేర్చుకునేసరికి ఏడాది పోతుంది. వాళ్ళకి తెలుసు. ఆ తెలివికి డబ్బివ్వడం న్యాయమే. కానీ గుణుపురం, రాయగడ కొట్లలో తెలుగువాళ్ళతో తెలుగులో, ఒడియావాళ్ళతో ఒడియాలో మాట్లాడుతూ, ఎవరికి ఎంత అరువు ఇవ్వొచ్చో, ఏ సంతకి ముందు ఎంత సరుకు పోతుందో మీ ఇద్దరు సేల్స్‌మన్‌లకి తెలిసినంత బయటి కుర్రాడికి తెలియదు. మీ ఆస్తి అదే. దాన్ని నెల జీతం మీద వచ్చి, ఆర్నెల్లకి ఇంకో కంపెనీకి మారిపోయే కుర్రాళ్ళ చేతుల్లో పెట్టి, పైగా కమిషన్ కూడా ఇస్తారా?

నెలకి కట్టే మొత్తం తగ్గించమని అడగండి. నలుగురు వద్దు, ఇద్దరు చాలు, ఒక సీజన్ చూద్దాం అనండి. కమిషన్ మాత్రం కాస్త పెంచినా ఫర్వాలేదు, అయితే ఆర్డర్ రాసిన రోజున ఇవ్వకండి. డబ్బు మీ ఖాతాలో పడ్డాక సగం, అదే కొట్టు రెండోసారి ఆర్డర్ ఇచ్చాక మిగతా సగం. ఇది చాలా ముఖ్యం. కమిషన్ మొదటి ఆర్డర్ మీదే ఉంటే నెలాఖరుకి టార్గెట్ కోసం కొట్లలో సరుకు కుక్కేస్తారు, మీరు అమ్మకం పెరిగిందని సంతోషిస్తారు, ఆషాఢ శ్రావణాల్లో తేమకి మెత్తబడిన అప్పడాలు పెట్టెలు పెట్టెలుగా రిటర్న్ వస్తాయి. కొట్లోకి వెళ్ళిన సరుకు కాదు, కొట్లోంచి జనం కొనుక్కుని పోయిన సరుకు లెక్క ప్రతి వారం అడగండి. రిటర్న్ వస్తే దాని మీద ఇచ్చిన కమిషన్ వెనక్కి పట్టుకుంటామని ముందే రాసుకోండి.

కొట్టువాడి దృష్టిలో ఆ కుర్రాడు ఏజెన్సీ మనిషి కాదమ్మా, మీ మనిషి. 45 రోజుల అరువు ఇస్తామనో, పాడైతే మార్చేస్తామనో అతను నోటిమాటగా ఒప్పుకుంటే, అతనికి ఆ అధికారం ఉందని కొట్టువాడు నమ్మేలా మీ నడత ఉంటే, 1872 కాంట్రాక్ట్ చట్టం ప్రకారం ఆ మాట మీకు చుట్టుకుంటుంది. అందుకే ధర, అరువు గడువు, రిటర్న్ షరతులు బిల్లు మీదే అచ్చు వేయించండి. డబ్బు చేతికి తీసుకోనివ్వకండి, యూపీఐ గానీ చెక్కు గానీ నేరుగా మీ పేరుకే రావాలి.

అదే చట్టంలో 27వ సెక్షన్ అని ఒకటుంది. ఒప్పందం అయిపోయాక మా పోటీ కంపెనీ సరుకు అమ్మకూడదని రాయించుకున్నా కోర్టులో నిలవదు. ఒప్పందం నడుస్తున్నంత కాలం ఆపగలరు, తర్వాత ఆపలేరు. కాబట్టి కొట్ల పేర్లు, ఫోన్ నంబర్లు, ఎవరు ఎంత తీసుకున్నారో ఆ వివరాలు ప్రతి వారం మీ కంప్యూటర్‌లోకి వచ్చేలా చూసుకోండి, బిల్లులన్నీ మీరే కొట్టండి. నెలకోసారి మీ అబ్బాయినే కటక్ పంపి కొట్లవాళ్ళ ముఖం చూసి రమ్మనండి. అంత ఉత్సాహంగా ఉన్నాడు కాబట్టి ఆ పని అతనికే బాగుంటుంది. ఏజెన్సీ వెళ్ళిపోయిన రోజున కొట్టువాడు ఫోన్ చేయాల్సింది మీకు.

మీ సేల్స్‌మన్‌లిద్దరికీ ఈ సంగతి మీరే ముందు చెప్పండి. బయట వింటే తమ ఉద్యోగం పోతుందనుకుంటారు, ఇంకో కంపెనీ వెతుక్కుంటారు.

ప్రశ్న: పర్లాకిమిడిలో మసాలా పొడులు చేస్తాం, జీఎస్టీలో కాంపోజిషన్ (చిన్న వ్యాపారులు మొత్తం అమ్మకం మీద తక్కువ శాతం పన్ను కట్టే పద్ధతి) కింద ఉన్నాం. కమిషన్ మీద ఒక సేల్స్ టీమ్ పాతపట్నం, టెక్కలి వైపు అమ్మిపెడతానంటోంది. కుదురుతుందా?
– పాఠకుడు, పర్లాకిమిడి

జవాబు: ఇప్పుడున్న పద్ధతిలో కుదరదు. పాతపట్నం మీకు పక్క ఊరే కావచ్చు, జీఎస్టీకి అది ఆంధ్రప్రదేశ్. కాంపోజిషన్‌లో ఉన్నవాళ్ళు వేరే రాష్ట్రానికి సరుకు అమ్మకూడదు. కమిషన్ టీమ్ ఆర్డర్ తెచ్చినా బిల్లు మీదే అవుతుంది కాబట్టి తప్పూ మీదే అవుతుంది. పర్లాకిమిడిలోనే గోడౌన్ ఉన్న, రెగ్యులర్ జీఎస్టీ (కాంపోజిషన్ కాని మామూలు పద్ధతి) ఉన్న డిస్ట్రిబ్యూటర్‌కి సరుకు అమ్మేస్తే, అతను తన గోడౌన్ నుంచి తన బిల్లు మీద అటు అమ్ముకోవచ్చు. అయితే కాంపోజిషన్ బిల్లు మీద అతనికి క్రెడిట్ రాదు, ఆ మేరకు ధర తగ్గించమంటాడు. అటువైపు నిజంగా గిరాకీ ఉందనిపిస్తే రెగ్యులర్‌కి మారండి. మారిన 30 రోజుల్లో ఐటీసీ-01 ఫారం వేస్తే చేతిలో ఉన్న ముడిసరుకు, తయారైన సరుకులో వాడిన ముడిసరుకు మీద కట్టిన పన్నుకి క్రెడిట్ తీసుకోవచ్చు, కొనుగోలు బిల్లులు మాత్రం ఇప్పటి నుంచే జాగ్రత్త చేయండి.