డోర్ ప్యాడ్ విప్పారు సరే, జాబ్ కార్డు ఏది?

ప్రశ్న: మేం కొత్త కారు కొని 31 నెలలైంది. వారంటీ మూడేళ్లు. కొన్న 9 నెలలకే ముందు ఎడమ డోర్ లాక్ మొరాయించడం మొదలైంది. రిమోట్ నొక్కితే మిగతా డోర్లు తెరుచుకుంటాయి, అది మాత్రం రాదు. సర్వీసుకు వెళ్లిన మూడుసార్లూ చెప్పాను. 'ఆయిల్ కొట్టాం, కొన్నాళ్లు చూడండి' అన్నారు. ఒకరోజు మా అమ్మ ఆ సీట్లోనే చిక్కుకుపోయింది. లోపలి హ్యాండిల్ లాగినా డోర్ రాలేదు. మోకాళ్ల నొప్పులతో గేర్ రాడ్ దాటి ఇటు జరగలేక పావుగంట ఎండలో ఉండిపోయింది. ఆ కోపంతో వీడియోలు చూసి నేనే డోర్ ప్యాడ్ విప్పి, బయట కొన్న లాక్ మోటర్ వేశాను. లాక్ బాగైంది. కానీ ఆ డోర్ పవర్ విండో పనిచేయడం లేదు, ఎయిర్‌బ్యాగ్ లైటు ఆరడం లేదు. సర్వీస్ సెంటర్‌కు వెళితే 'బయట పని చేయించారు, కారు మొత్తానికి వారంటీ పోయింది' అని నోటిమాటగా చెప్పి పంపేశారు. పాత మోటర్ మళ్లీ బిగించి, ఏమీ ఎరగనట్టు ఇంకో సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్లమని నా స్నేహితుడు అంటున్నాడు. అమ్మ పడ్డ వేదనకు 30 లక్షలు అడగాలనుకుంటున్నాను. 'ప్రొడక్ట్ లయబిలిటీ' కింద కూడా అడగొచ్చని ఎవరో చెప్పారు. కేసు నిలుస్తుందా? — ఒక పాఠకుడు

జవాబు: మీ ఉత్తరంలో పెద్ద బాధ మీ అమ్మగారు పడ్డ అవస్థ గురించే. దాన్ని ప్రస్తుతానికి పక్కన పెడుతున్నాను. మీ కేసు తేలేది అక్కడ కాదు. మీరు ఒక్క వాక్యంలో దాటేసిన చోట తేలుతుంది: 'సర్వీసుకు వెళ్లిన మూడుసార్లూ చెప్పాను.' ఎవరికి చెప్పారు? వాళ్లు అది ఎక్కడ రాశారు?

రేపు అవతలి లాయరు చెప్పబోయేది నాకు ఇప్పుడే వినిపిస్తోంది. 'లాక్ బ్రహ్మాండంగా ఉండేది. ఈయన వీడియోలు చూసి డోర్ విప్పాడు, చెడగొట్టాడు, ఇప్పుడు మా మీద పడ్డాడు' అంటాడు. డోర్ విప్పిన తేదీ కంటే ముందు తేదీతో, లాక్ ఫిర్యాదు రాసి ఉన్న కాగితం ఒక్కటి చూపిస్తే ఆ వాదన కూలిపోతుంది. చూపించలేకపోతే మీరు ఎంత నిజం చెప్పినా అది మీ మాట మాత్రమే. అందుకే ముందు జాబ్ కార్డులు, అంటే కారు సర్వీసుకు ఇచ్చినప్పుడు వాళ్లు రాసి మీ సంతకం తీసుకునే కాగితాలు, బయటికి తీయండి. వాటిలో కస్టమర్ చెప్పిన సమస్యలు రాసే గడి ఉంటుంది. 'లెఫ్ట్ డోర్ లాక్ చెక్' అని ఏ మూలన రెండు ముక్కలున్నా చాలు. 'జనరల్ చెకప్' అని మాత్రమే ఉండి, కింద మీ సంతకం ఉంటే కష్టమే.

ఇక్కడ మిమ్మల్ని కాస్త మందలించాలి. మూడుసార్లు చెప్పి, మూడుసార్లూ ఏం రాశారో చూడకుండా సంతకం పెట్టి వచ్చారు. సర్వీసు అయ్యాక మీ ఫోనుకు వచ్చే 'మా సేవ ఎలా ఉంది' అన్న మెసేజ్‌కు అయిదు స్టార్లు కూడా నొక్కే ఉంటారు. చాలామంది మొహమాటానికి నొక్కేస్తారు. ఆ స్టార్లే రేపు వాళ్ల తరఫు సాక్ష్యంగా వస్తాయి.

కార్డులు పోయాయా? సర్వీస్ హిస్టరీ మొత్తం ఇవ్వమని డీలర్‌కూ కంపెనీకీ ఈరోజే ఈమెయిల్ పెట్టండి. కంపెనీ యాప్‌లో మీ కారు నంబరు కింద పాత సర్వీసులు, కిలోమీటర్లు కనిపిస్తుంటే తేదీతో సహా స్క్రీన్‌షాట్లు తీసుకోండి. వాళ్లు రికార్డు ఇవ్వకపోయినా దారి మూసుకుపోదు. పత్రాలు తెప్పించే విషయంలో వినియోగదారుల కమిషన్‌కు సివిల్ కోర్టుకు ఉండే అధికారాలే ఉన్నాయి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 38వ సెక్షన్ ఆ మాట చెబుతోంది. ఫిర్యాదుతో పాటే ఆ దరఖాస్తు కూడా వేయాలి. కానీ మీరు ముందే రాతపూర్వకంగా అడిగి ఉంటే, వాళ్లు ఇవ్వలేదన్నదే మీకు ఒక బలం.

రెండో విషయం పాత లాక్ మోటర్. తిరిగి బిగించే ఆలోచన వచ్చిందంటే అది ఇంకా మీ దగ్గరే ఉందన్నమాట. అది మీ అదృష్టం. అదే 38వ సెక్షన్ ప్రకారం, పరీక్ష చేస్తే తప్ప తేలని లోపమైతే కమిషన్ ఆ వస్తువు నమూనాను సీలు చేసి ల్యాబ్‌కు పంపొచ్చు. నివేదికకు 45 రోజుల గడువు. ఖర్చు ముందుగా మీరే కట్టాలి. ఆ మోటర్ లోపల ప్లాస్టిక్ పళ్లు అరిగాయో, తీగ చుట్టు కాలిందో తెలిస్తే, ఆ లోపం మీ చేతి పనో కాదో చాలావరకు తేలుతుంది. కాబట్టి దాన్ని విప్పి చూడకండి, తుడవకండి, బ్యాటరీ పెట్టి 'తిరుగుతుందేమో' అని పరీక్షించకండి. ఒక కవర్లో వేసి, పార్టు నంబరు కనిపించేలా ఫొటో తీసి, తేదీ రాసి అంటించి పక్కన పెట్టండి. కొత్త మోటర్ బిల్లు కూడా అందులోనే ఉంచండి. బిల్లు తీసుకోలేదని మాత్రం నాకు రాయకండి.

విప్పేటప్పుడు ఏ స్క్రూ ఎక్కడిదో గుర్తుండటానికి ఫొటోలో వీడియోలో తీసే ఉంటారు. తీస్తే చెరపకండి. మీకు వ్యతిరేకంగా పనిచేసినా సరే చెరపకండి. అసలు ఫైలు తీసిన ఫోనులోనే ఉండాలి. వాట్సాప్‌లో పంపితే ఫైలు కుదించుకుపోతుంది, ఎప్పుడు తీశారన్న లోపలి సమాచారం పోతుంది. దాన్ని సాక్ష్యంగా పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ జతచేయాలి. అందులో మీరు నింపేది ఒక భాగం, నిపుణుడు నింపేది ఒక భాగం. వినియోగదారుల కమిషన్లు సాక్ష్య చట్టాన్ని అక్షరం పొల్లుపోకుండా పట్టుకోవు. అయినా ఆ సందు అవతలివాళ్లకు ఎందుకివ్వాలి?

ఇప్పుడు మీ స్నేహితుడి సలహా. వినకండి. పాత మోటర్ బిగించి ఏమీ ఎరగనట్టు వెళితే పట్టుబడరని ఆయన ఎలా అనుకున్నాడో నాకు అర్థం కావడం లేదు. ఒకసారి ఊడదీసిన డోర్ ప్యాడ్ ఆ పనిలో ఉన్నవాడికి ఇట్టే తెలుస్తుంది. చుట్టూ ఉండే ప్లాస్టిక్ క్లిప్పుల్లో ఒకటో రెండో విరిగి డోర్ లోపల పడి ఉంటాయి. చేతిపిడి గుంటలో స్క్రూని కప్పే చిన్న మూత అంచు మీద స్క్రూడ్రైవర్ గీత ఉంటుంది. ప్యాడ్ వెనక నీళ్లు రాకుండా నల్లటి జిగురుతో అంటించిన షీటు ఉంటుంది. దాన్ని ఒకసారి లాగితే మళ్లీ మొదటిలా అతకదు. డోర్ అంచున లాక్‌ను పట్టి ఉంచే మూడు నక్షత్రపు తల స్క్రూల మీద రంగు లేచిపోయి ఉంటుంది. మెకానిక్ అయిదు నిమిషాల్లో ఫొటోలు తీసి ఫైల్లో పెడతాడు. అక్కడితో మీ మాట మీద నమ్మకం మొత్తం పోతుంది. నిజంగా చెప్పిన మూడు ఫిర్యాదులు కూడా అబద్ధాల ఖాతాలోకే వెళ్తాయి.

పైగా అదే అబద్ధాన్ని అఫిడవిట్‌లో రాసి కమిషన్ ముందు పెడితే విషయం వారంటీతో ఆగదు. కమిషన్ ముందు నడిచేది న్యాయ విచారణ కిందే లెక్క. న్యాయ విచారణలో తప్పుడు సాక్ష్యం ఇస్తే భారతీయ న్యాయ సంహిత 229వ సెక్షన్ కింద 7 సంవత్సరాల దాకా జైలు. డోర్ లాక్ కోసం అంత దూరం వెళ్తారా? 'అవును, నేనే విప్పాను, ఎందుకంటే మూడుసార్లు చెప్పినా మీరు బాగుచేయలేదు' అన్న నిజమే మీకు మంచి వాదన. దాన్ని మీరే చంపుకోకండి.

అన్నిటికంటే అత్యవసరమైంది లిమిటేషన్, అంటే ఫిర్యాదు వేయడానికి చట్టం పెట్టిన గడువు. వినియోగదారుల రక్షణ చట్టం 69వ సెక్షన్ ప్రకారం వ్యాజ్య కారణం (ఫిర్యాదుకు దారితీసిన విషయం) పుట్టిన రోజు నుంచి 2 సంవత్సరాల్లోపు ఫిర్యాదు వేయాలి. మీ లాక్ మొదటిసారి మొరాయించి 22 నెలలైంది. వాళ్లు మొన్న వారంటీ లేదన్న రోజు నుంచే లెక్క మొదలవుతుందని మీ తరఫున వాదించొచ్చు, వాదిస్తాను కూడా. కానీ గెలుస్తామో లేదో తెలియని వాదన మీద గడువును వేలాడదీయకూడదు. మీకు అననుకూలమైన లెక్క ప్రకారం రెండు నెలలే మిగిలాయి. ఆ లెక్కే మన లెక్క. ఆలస్యాన్ని తగిన కారణం ఉంటే కమిషన్ మన్నించవచ్చు గానీ, 'వాళ్లతో ఈమెయిళ్లు నడుస్తున్నాయండీ' అన్నది కారణం కాదు. ఉత్తరాలు రాసుకుంటూ కూర్చుంటే గడువు పెరగదు. నోటీసు ఇచ్చినా పెరగదు. అసలు ఫిర్యాదుకు ముందు నోటీసు ఇచ్చి తీరాలన్న నిబంధన కూడా లేదు. ఇవ్వడం మంచిదే, 15 రోజులు టైమిచ్చి ఇవ్వండి. జవాబు కోసం 16వ రోజు ఎదురుచూడకండి.

ఇక 30 లక్షలు. ఎక్కువ అడిగితే పెద్ద కేసవుతుందని మీ ఉద్దేశం కాబోలు. కమిషన్ పరిధి మీరు అడిగే సొమ్మును బట్టి కాదు, వస్తువుకు మీరు చెల్లించిన ధరను బట్టి ఉంటుంది. 50 లక్షల దాకా జిల్లా కమిషనే. ఫీజు కూడా ధర లెక్కనే. 5 లక్షలు దాటి 10 లక్షల లోపైతే 200 రూపాయలు, 20 లక్షల దాకా 400. మీరు నివసించే చోటి జిల్లా కమిషన్‌లోనే వేయొచ్చు.

ఎవరో చెబితే మీరు 'ప్రొడక్ట్ లయబిలిటీ' (లోపమున్న వస్తువు వల్ల కలిగిన హానికి పరిహారం) అని కూడా రాశారు. ఆ దారి మీకు ఇరుకు. వినియోగదారుల రక్షణ చట్టం చెప్పే 'హాని'లోకి మానసిక వేదన రావాలంటే దానితో పాటు శరీరానికి గాయమో, అనారోగ్యమో, ఆస్తి నష్టమో ఉండాలి. వస్తువుకే జరిగిన నష్టం అందులోకి రాదు. అంటే మీ పవర్ విండో, ఎయిర్‌బ్యాగ్ లైటు రెండూ బయటే. పైగా హాని జరిగిన సమయానికి వస్తువును మార్చి ఉంటే అమ్మినవారి మీద ఆ దావా నడవదని 87వ సెక్షన్ చెబుతోంది. అమ్మగారు చిక్కుకున్నది మీరు విప్పకముందు కాబట్టి ఆ ఒక్క సంఘటనకు ఈ అడ్డు లేదు. మరి ఆ రోజు తేదీ ఏది? డాక్టరు చీటీ ఉందా? ఆ పావుగంటలో మీరు సర్వీస్ సెంటర్‌కు ఫోన్ చేశారా? చేసి ఉంటే కాల్ లాగ్ ఇప్పుడే భద్రపరచండి. ఏదీ లేకపోతే అమ్మగారి చేత ఆమె మాటల్లోనే అఫిడవిట్ వేయిద్దాం. మీ అనుమతితో కారు వాడుకునే వ్యక్తిగా ఆమె కూడా వినియోగదారే. సేవా లోపం కింద, సమంజసమైన మొత్తం అడుగుదాం. ముప్పై లక్షల అంకె చూస్తే చదివేవారికి మిగతా పేజీల మీద కూడా అనుమానం వస్తుంది.

'కారు మొత్తానికి వారంటీ పోయింది' అన్న మాట నేను అంత తేలిగ్గా ఒప్పుకోను. వారంటీ పుస్తకాల్లో సాధారణంగా ఉండేది, బయటి రిపేరు వల్ల కలిగిన నష్టానికి మా బాధ్యత లేదని. డోర్ విప్పితే ఇంజిన్ వారంటీ ఎలా పోతుంది? మీ పుస్తకంలో ఆ క్లాజు అక్షరాలా ఏముందో చదవండి. ఏ క్లాజు కింద, ఏ భాగానికి వారంటీ నిరాకరిస్తున్నారో రాసివ్వమని ఈమెయిల్ పెట్టండి. నోటితో గట్టిగా మాట్లాడినవాళ్లు రాయమనేసరికి మెత్తబడటం నేను చాలాసార్లు చూశాను.

అలాగని రెండు వైపులా గెలవలేరు. పవర్ విండో విషయంలో తప్పు మీదే అయ్యుండొచ్చు. ప్యాడ్ వెనక స్విచ్ కప్లర్ (వైర్లను కలిపే ప్లగ్గు) సరిగా కూర్చోకపోయినా అది పనిచేయదు. ఎయిర్‌బ్యాగ్ లైటు ఇంకా సీరియస్. కొన్ని కార్లలో పక్కనుంచి గుద్దినప్పుడు ఒత్తిడిని పసిగట్టే సెన్సర్ ముందు డోర్లలోనే ఉంటుంది. బ్యాటరీ తీయకుండా దాని కప్లర్ ఊడదీసి, అలాగే ఇగ్నిషన్ ఆన్ చేస్తే తప్పు ఒక కోడ్‌గా నమోదై లైటు వెలిగిపోతుంది. ఆ లైటు వెలుగుతుండగా ప్రమాదం జరిగితే ఎయిర్‌బ్యాగ్ తెరుచుకోకపోవచ్చు. కాబట్టి అది తేలేదాకా కారు నడపకండి. నెట్‌లో దొరికే చిన్న స్కానర్ కొని ఆ కోడ్ చెరిపేయాలని కూడా చూడకండి. సాక్ష్యం చెరిగిపోతుంది, జబ్బు అలాగే ఉంటుంది.

చేయాల్సింది ఇది. కారును టోయింగ్ బండి మీద సర్వీస్ సెంటర్‌కు పంపండి. ప్యాడ్ మీరే విప్పారని, ఏ తేదీన ఏం మార్చారో జాబ్ కార్డులోనే రాయించండి. కోడ్‌లు స్కాన్ చేసి ప్రింటు ఇమ్మనండి. రిపేరుకు డబ్బు అడిగితే 'నా హక్కులు వదులుకోకుండా, అభ్యంతరంతో చెల్లిస్తున్నాను' అని బిల్లు మీద రాసి చెల్లించండి, రసీదు తీసుకోండి. రసీదు ఇవ్వకపోవడం కూడా ఈ చట్టం కింద అనుచిత వ్యాపార విధానమే. ఈలోగా 1915 హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేయండి. కొన్ని కేసులు అక్కడే తీరిపోతాయి. తీరకపోతే ఆ నంబరు మన ఫైల్లోకి వస్తుంది. కమిషన్‌లో ఫిర్యాదు వేసేటప్పుడు డీలర్‌నొక్కడినే కాదు, తయారీ కంపెనీని కూడా ప్రతివాదిగా చేర్చాలి. వారంటీ ఇచ్చింది కంపెనీ. డీలర్ ఒక్కడే ఉంటే 'అది కంపెనీ విషయం' అని చేతులు దులుపుకుంటాడు.

లాక్ ఫిర్యాదు ఉన్న ఒక్క జాబ్ కార్డు దొరికినా, కొత్త మోటర్ ఖర్చు, మిగిలిన భాగాలకు వారంటీ పునరుద్ధరణ, కొంత పరిహారం, కోర్టు ఖర్చులు అడగడానికి గట్టి కేసే. ఏదీ దొరకకపోతే నాకు మళ్లీ రాయండి, అప్పుడు మధ్యవర్తిత్వానికి పంపమని అడగడం మేలా అన్నది ఆలోచిద్దాం. ఈసారి ఉత్తరంతో పాటు మొదటి సర్వీసు నుంచి ఉన్న కాగితాలన్నిటి నకళ్లు పంపండి. ఆ మోటర్ మాత్రం కవర్లోంచి తీయకండి.