షుగర్ ఉంది, ప్లేట్‌లెట్ కౌంట్ నార్మల్. ఎకోస్ప్రిన్ మొదలుపెట్టొచ్చా?

మీ అమ్మగారికి షుగర్ ఉంది, గుండె జబ్బు లేదు, పక్కింటావిడ వేసుకుంటున్నారని ఎకోస్ప్రిన్ 75 (తక్కువ డోసు ఆస్పిరిన్ మాత్ర) మొదలుపెడతానంటున్నారు, సీబీపీ రక్త పరీక్షలో ప్లేట్‌లెట్లు, అంటే రక్తం గడ్డకట్టించే కణాలు, 2.4 లక్షలు వచ్చాయి. ఇదే కదా మీ ప్రశ్న. ముందు ఆ 2.4 లక్షల్ని పక్కన పెట్టండి. ప్లేట్‌లెట్లు ఎన్ని ఉన్నాయో ఆ లెక్క చెబుతుంది గానీ, ఎంత దూకుడుగా ఉన్నాయో చెప్పదు.

మా నాన్నగారికి షుగర్, పైగా గుండె రక్తనాళంలో స్టెంట్. ఈ మాత్ర సంగతి నాకు ఆయన డాక్టరుగారు చెబితేనే తెలిసింది. ప్లేట్‌లెట్‌లో కాక్స్-1 అనే ఎంజైమ్ ఉంటుంది. దాని వల్ల తయారయ్యే థ్రాంబాక్సేన్ అనే పదార్థం పక్క ప్లేట్‌లెట్లనూ పోగేసి గడ్డ కట్టిస్తుంది. ఆస్పిరిన్ ఆ ఎంజైమ్‌ను శాశ్వతంగా మూసేస్తుంది. ప్లేట్‌లెట్‌కి కేంద్రకం ఉండదు, కొత్త ఎంజైమ్ చేసుకోలేదు. బతికే వారం పది రోజులూ ఇక అంతే. అందుకే అంత చిన్న మాత్ర రోజుకొకటి సరిపోతుంది. షుగర్ ఉన్నవాళ్లలో చిక్కేమిటంటే, చాలామందికి పాత ప్లేట్‌లెట్లు త్వరగా పోయి కొత్తవి త్వరగా వస్తుంటాయి. మాత్రేమో కొద్ది గంటల్లో రక్తంలోంచి పోతుంది. ఆ తర్వాత పుట్టినవాటిలో ఎంజైమ్ మామూలుగానే పనిచేస్తుంది.

మరి అందరూ వేసుకుంటే పోలా అంటారేమో. బ్రిటన్‌లో షుగర్ ఉండి గుండె జబ్బు లేని 15,480 మంది మీద అసెండ్ అనే పరిశోధన చేసి 2018లో ఫలితాలు ఇచ్చారు. సగటున ఏడేళ్ల పైన చూస్తే, గుండెపోటు, పక్షవాతం లాంటివి ఆస్పిరిన్ వేసుకున్నవాళ్లలో 8.5 శాతం, వేసుకోనివాళ్లలో 9.6 శాతం. పెద్ద రక్తస్రావాలు మాత్రం వేసుకున్నవాళ్లలో 4.1 శాతం, వేసుకోనివాళ్లలో 3.2 శాతం. వచ్చిన లాభం దాదాపు అటే పోయింది.

మా నాన్నగారికి గడ్డం గీసుకునేటప్పుడు చిన్న గాటు పడినా దూది ఒత్తి పట్టుకుని కూర్చోవాల్సిందే. మోచేతుల మీద ఎప్పుడూ ఏదో ఒక నీలి మచ్చ. అయినా పన్ను పీకించుకున్నప్పుడు మాత్ర ఆపలేదు, డెంటిస్టు గుండె డాక్టరుకి ఫోన్ చేసి మరీ ఆపొద్దన్నారు. స్టెంట్ ఉన్నవాళ్ల లెక్క వేరు, సొంతంగా మానేయడం ప్రమాదం.

మీ అమ్మగారిది ఆ లెక్క కాదు. నన్నడిగితే పక్కింటావిడని చూసి మొదలుపెట్టొద్దు. బీపీ, కొలెస్ట్రాల్, కిడ్నీ రిపోర్టులు, ఎప్పుడైనా అల్సర్ వచ్చిందా అన్న సంగతి పట్టుకుని డాక్టర్ని అడగండి. మోకాళ్ల నొప్పులకి ఐబుప్రొఫెన్ వాడుతుంటే అదీ తప్పకుండా చెప్పండి. ఆస్పిరిన్ కంటే ముందు అది వేసుకుంటే ఎంజైమ్ దగ్గర చోటు ఆక్రమించి దీన్ని పనిచేయనివ్వదు, పైగా రెండూ కలిస్తే కడుపులో పుండ్ల భయం ఎక్కువ.