కమిట్ కాకముందే జవాబు కోసం ఎదురుచూస్తే...

ప్రశ్న: వెబ్ సర్వీస్ క్లయింట్ అభ్యర్థనను జేఎంఎస్ (జావాలో సందేశాలు పంపుకునే పద్ధతి) క్యూ ద్వారా, డేటాబేస్ మార్పుతో ఒకే ట్రాన్సాక్షన్‌లో (అన్నీ జరగాలి, లేదా ఏదీ జరగకూడదన్న కట్టలో) పంపుతున్నాం. ప్రతిసారీ టైమ్‌అవుట్ అయి రోల్‌బ్యాక్ (మార్పులన్నీ రద్దు) అవుతోంది. సర్వర్‌లో మాత్రం ఏ లోపమూ కనిపించడం లేదు. ఎందుకు?

జవాబు: సర్వర్‌కు మీ అభ్యర్థన అసలు అందనే లేదు! ట్రాన్సాక్షన్‌లో క్యూలో వేసిన సందేశం కమిట్ (ఖరారు) అయ్యాకే అవతలివారికి కనబడుతుంది. మీ కోడేమో కమిట్ చేయకుండా జవాబు కోసం కూర్చుంది. టైమ్‌అవుట్ 30 సెకన్ల నుంచి 300కు పెంచినా ఫలితం అంతే, దయచేసి ఆ దారి పట్టకండి.

జవాబు అక్కర్లేని పనైతే ఆపరేషన్‌ను వన్‌వేగా మార్చండి. జవాబు కావాల్సిందే అంటే పనిని రెండుగా విడదీయండి: అభ్యర్థన పంపి కమిట్ చేయండి, జవాబును వేరే ట్రాన్సాక్షన్‌లో మెసేజ్ డ్రివెన్ బీన్ (క్యూలో సందేశం రాగానే నడిచే జావా కోడ్) అందుకుని, కోరిలేషన్ ఐడీతో (ఏ జవాబు ఏ అభ్యర్థనదో చెప్పే గుర్తుతో) జత చూసుకోవాలి.

క్యూకు కనెక్షన్ ఇచ్చే కనెక్షన్ ఫ్యాక్టరీ, డేటాబేస్‌కు ఇచ్చే డేటాసోర్స్ రెండూ ఎక్స్‌ఏ రకమేనా (రెంటినీ ఒకే ట్రాన్సాక్షన్‌లో కలపగలవేనా) చూడండి. ఫ్యాక్టరీ మామూలుదైతే డేటాబేస్ మార్పు రద్దయినా సందేశం వెళ్లిపోయే ప్రమాదముంది. క్యూకు బదులు హెచ్‌టీటీపీ ద్వారా పంపితే ఈ రక్షణ లేదు. పంపిన అభ్యర్థనను రోల్‌బ్యాక్ వెనక్కి తేలేదు.

స్వీకరించే వైపు రీడెలివరీ పరిమితి (ఒక సందేశాన్ని ఎన్నిసార్లు మళ్లీ అందించాలన్న హద్దు), డెడ్ లెటర్ క్యూ (ఆ హద్దు దాటిన సందేశాలను పక్కన పెట్టే క్యూ) తప్పక పెట్టండి. లేదంటే చెడిన సందేశం ఒక్కటే మళ్లీ మళ్లీ తిరుగుతూ ఉంటుంది.