ఇంట్లోనే పాస్‌పోర్టు సైజు ఫొటో: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ప్రశ్న: జర్మనీలో చదువుకుంటున్న మా అబ్బాయి దగ్గరకు వెళ్లడానికి నేను, మావారు వీసాకు దరఖాస్తు చేసుకుంటున్నాము. ఫోనుతో ఫొటోలు తీసి, స్కేలు పెట్టి సరిగ్గా 35 మిల్లీమీటర్ల వెడల్పు, 45 మిల్లీమీటర్ల ఎత్తు ఉండేలా కత్తిరించాము. అయినా సైజు సరిపోలేదని తిప్పి పంపారు. పొరపాటు ఎక్కడ జరిగింది?
— ఒక గృహిణి, సీతమ్మధార

సమాధానం: మీ కాగితం కొలత సరైనదేనమ్మా. జర్మనీతో సహా ఉమ్మడి వీసా ఇచ్చే యూరప్ దేశాలైన షెంజెన్ దేశాల వీసాకు అడిగేది 35 × 45 మిల్లీమీటర్ల ఫొటోయే. అయితే ఆ కొలతతో పాటు మరో కొలత కూడా ఉంది: గడ్డం కింది అంచు నుంచి నడినెత్తి వరకు ముఖం 32 నుంచి 36 మిల్లీమీటర్ల ఎత్తు ఉండాలి. అంటే ఫొటో ఎత్తులో 70 నుంచి 80 శాతం ముఖానికే పోవాలి. ప్రయాణ పత్రాలకు అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ పెట్టిన ప్రమాణం ఇది. ఫొటోను మనిషితో పోల్చి చూసే యంత్రాలకు ముఖం తగినంత పెద్దదిగా, తిన్నగా కనబడాలి కనుక ఈ పట్టింపు. ఇంట్లో తీసిన ఫొటోల్లో ఛాతీ వరకు కనిపించేలా ఉంచడం మనకు అలవాటు. అలా ఉంచితే ముఖం 25 మిల్లీమీటర్లు కూడా రాదు. మీ ఫొటోకు జరిగింది ఇదేనని మా అభిప్రాయం.

అందువల్ల కొలవడం ముఖంతోనే మొదలుపెట్టాలి. కంప్యూటర్లో గింప్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఫొటో తెరిచి, గడ్డం నుంచి నడినెత్తి వరకు ఎన్ని పిక్సెళ్లు ఉన్నాయో చూడండి. ఉదాహరణకు 1,020 పిక్సెళ్లు వచ్చాయనుకుందాము. మనకు కావలసిన ముఖం ఎత్తు 34 మిల్లీమీటర్లు అనుకుంటే, ఒక్కో మిల్లీమీటరుకు 30 పిక్సెళ్లు అవుతాయి. కాబట్టి క్రాప్ చేయవలసిన చట్రం వెడల్పు 35 × 30, అంటే 1,050 పిక్సెళ్లు. ఎత్తు 45 × 30, అంటే 1,350 పిక్సెళ్లు. ఆ చట్రాన్ని నెత్తిపైన సుమారు 4 మిల్లీమీటర్లకు సరిపడా, అంటే 120 పిక్సెళ్లు, ఖాళీ మిగిలేలా జరిపితే, కింద మిగిలే 7 మిల్లీమీటర్లలో మెడ, భుజాల మొదలు వస్తాయి. నడినెత్తి అంటే తల పైభాగమే గాని ఎత్తుగా దువ్విన జుట్టు అంచు కాదు. ఒత్తయిన జుట్టు ఉన్నవారు ఈ తేడా గమనించాలి. 32, 36 అనే రెండు హద్దులకూ మధ్యలో ఉన్న 34నే ఎంచుకోమనడానికి కారణం కింది సమాధానంలో కనిపిస్తుంది.

ప్రశ్న: మ్యాక్సీ సైజు కాగితంపై ఎనిమిది ఫొటోలు పేర్చి ప్రింటు తీయించాను. కంప్యూటర్లో కొలత సరిగానే ఉంది, కాగితం మీద మాత్రం ప్రతి ఫొటో ఒక మిల్లీమీటరుకు పైగా పెరిగింది. అంచులు కత్తిరించి 45కు తెచ్చుకోవచ్చా?
— ఒక ఉద్యోగి, గాజువాక

సమాధానం: కత్తిరిస్తే కాగితం 45 మిల్లీమీటర్లకు వస్తుంది గాని, దానితో పాటు పెరిగిన ముఖం తగ్గదు. కనుక మళ్లీ ప్రింటు తీయించడమే మేలు.

మ్యాక్సీ అంటే 4 × 6 అంగుళాలు, అంటే 101.6 × 152.4 మిల్లీమీటర్లు. దాని మీద 35 × 45 ఫొటోలు వరుసకు నాలుగు చొప్పున రెండు వరుసలు సుఖంగా పడతాయి. ఒక వైపు 12, మరో వైపు 11 మిల్లీమీటర్లు మిగులుతాయి. అంగుళానికి 300 పిక్సెళ్ల లెక్కన మొత్తం కాగితం 1,800 × 1,200 పిక్సెళ్లు, ఒక్కో ఫొటో 413 × 531 పిక్సెళ్లు అవుతుంది. మీ లెక్క ఇంతవరకు సరిగ్గానే ఉండి ఉంటుంది. తేడా వచ్చేది యంత్రం దగ్గర. అంచుల్లో తెల్ల గీత మిగలకూడదని, అంచు లేని ప్రింటు తీసేటప్పుడు యంత్రం బొమ్మను కాస్త పెంచి, కాగితం దాటిన భాగాన్ని వదిలేస్తుంది. ఇంట్లో ప్రింటరుకు కూడా ‘ఫిట్ టు పేజ్’ అనే అమరిక ఉంటే అది బొమ్మ కొలతను కాగితానికి తగ్గట్టు మార్చేస్తుంది. దాన్ని తీసేసి ‘యాక్చువల్ సైజ్’ గాని, 100 శాతం గాని ఎంచుకోవాలి. ల్యాబ్‌కు ఇచ్చేటప్పుడు బొమ్మను పెంచకుండా, అంచు వదిలి ప్రింటు చేయమని స్పష్టంగా చెప్పాలి.

మాట మీద ఆధారపడనక్కరలేని ఉపాయం ఒకటుంది. ఫొటోలు పేర్చిన షీటు మీద మిగిలిన ఖాళీలో సరిగ్గా 50 మిల్లీమీటర్ల గీత ఒకటి గీసి ఉంచండి. ప్రింటు చేతికి రాగానే స్టీలు స్కేలుతో ఆ గీతను కొలవండి. అది 51.5 ఉంటే షీటు మొత్తం 3 శాతం పెరిగిందన్నమాట. అప్పుడు 45 మిల్లీమీటర్లు 46.35 అవుతుంది, 35 మిల్లీమీటర్ల ముఖం 36 దాటిపోతుంది, 34 మిల్లీమీటర్ల ముఖం మాత్రం 35 దగ్గర ఆగి హద్దులోనే ఉంటుంది. పై సమాధానంలో 34 అన్నది ఇందుకే.

ఫొటో తీయడం, పేర్చడం ఇంట్లో చేసుకుని ప్రింటు మాత్రం ల్యాబ్‌లో తీయించుకోవాలని మా సలహా. మన విశాఖ తేమలో ఇంకు ప్రింటు ఆరడానికి ఆలస్యమవుతుంది, తడి చెయ్యి తగిలితే మరక పడుతుంది. కత్తెరతో కాక, స్టీలు స్కేలు ఆనించి కట్టరుతో కోస్తే అంచులు తిన్నగా వస్తాయి.

ప్రశ్న: మా అమ్మాయికి అమెరికా విద్యార్థి వీసా కోసం ఇదే 35 × 45 ఫొటోను మార్చుకోవచ్చా?
— ఒక తండ్రి, ఎం.వి.పి. కాలనీ

సమాధానం: మార్చలేము. అమెరికాకు చతురస్రాకారపు ఫొటో కావాలి: 2 × 2 అంగుళాలు, అంటే సుమారు 51 మిల్లీమీటర్లు. అందులో ముఖం 25 నుంచి 35 మిల్లీమీటర్లు ఉండాలి. 35 మిల్లీమీటర్ల వెడల్పుకు కోసేసిన ఫొటోలో రెండు పక్కలా నింపడానికి ఏమీ మిగలదు. అందుకే తీసిన అసలు ఫొటోను ఎప్పుడూ కోయకుండా దాచుకుని, ప్రతి అవసరానికీ దాని నకలును మాత్రమే క్రాప్ చేయండి.

దరఖాస్తుతో పంపే ఫైలు 600 × 600 నుంచి 1,200 × 1,200 పిక్సెళ్ల మధ్య, జేపెగ్ రూపంలో, 240 కిలోబైట్లు మించకుండా ఉండాలి. బరువు ఎక్కువైతే పిక్సెళ్లు తగ్గించే ముందు జేపెగ్ నాణ్యతను కొద్దిగా తగ్గించి చూడండి. ఫైలులో డీపీఐ (ప్రింటులో అంగుళానికి ఎన్ని చుక్కలు) అంకెను మార్చినంత మాత్రాన పిక్సెళ్లు పెరగవు, తరగవు. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే అది కుదించుకుపోతుంది కాబట్టి డాక్యుమెంటుగా పంపించుకోండి. ఫొటో ఆరు నెలల లోపు తీసినదై ఉండాలి. 2016 నవంబరు 1 నుంచి కళ్లజోడుతో ఉన్న ఫొటోలను అంగీకరించడం లేదు.

ప్రశ్న: వెనుక గోడ మీద నీడ పడుతోంది. దాన్ని యాప్‌తో తెల్లగా చేస్తే సరిపోతుందా?
— ఒక విద్యార్థిని, మధురవాడ

సమాధానం: వద్దమ్మా. యాప్‌లు జుట్టు అంచులను, చెవుల చుట్టూ కొంత భాగాన్ని కొరికేస్తాయి. సాఫ్ట్‌వేర్‌తో ముఖం తీరు మార్చిన ఫొటోలను వీసా అధికారులు అంగీకరించరు కూడా. ఫోనులో అందాన్ని పెంచే ఫిల్టర్లు తమంతట తామే పనిచేస్తుంటాయి, వాటిని ముందే ఆపేయాలి.

నీడ పోవాలంటే గోడకు రెండు మూడు అడుగుల ముందుకు వచ్చి, కిటికీకి ఎదురుగా నిలబడాలి. సముద్రం వైపు తూర్పు కిటికీల్లో పొద్దుటి ఎండ నేరుగా ముఖం మీద పడి కళ్లు చిట్లించేలా చేస్తుంది. ఆ వేళ పడమటి గది గాని, మబ్బు పట్టిన పగలు గాని మంచిది. ముఖం మీద చెమట మెరుపు ఫొటోలో తెల్ల మచ్చలుగా కనిపిస్తుంది, తీసే ముందు తుడుచుకోండి. సెల్ఫీ తీయకూడదు: చెయ్యి చాచినంత దూరం నుంచి తీస్తే ముక్కు పెద్దదై, చెవులు వెనక్కి పోతాయి. వేరొకరు ఐదారు అడుగుల దూరంలో నిలబడి, ఫోనును మీ కళ్ల ఎత్తులో పట్టుకుని, వెనుక కెమెరాతో తీయాలి. తెల్ల గోడ ముందు తెల్ల దుస్తులు వద్దు.

ప్రశ్న: మా మనవడికి ఏడాదిన్నర. పాస్‌పోర్టు కోసం సేవా కేంద్రానికి ఫొటోలు తీసుకువెళ్లాలా?
— ఒక అమ్మమ్మ, భీమిలి

సమాధానం: తీసుకువెళ్లాలండి. పెద్దలకు మర్రిపాలెంలోని పాస్‌పోర్టు సేవా కేంద్రంలోనే ఫొటో తీస్తారు గాని, నాలుగేళ్ల లోపు పిల్లలకు 3.5 × 4.5 సెంటీమీటర్ల ఫొటోను తెల్లని నేపథ్యంతో మనమే ఇవ్వాలి. ఇస్త్రీ చేసిన తెల్ల దుప్పటి మీద బాబును వెల్లకిలా పడుకోబెట్టి, కిటికీ వెలుగు ముఖం మీద సమంగా పడేలా చూసి, సరిగ్గా పైనుంచి తీయండి. తీసేవారి నీడ బాబు మీద పడకుండా కొంచెం పక్కకు జరగాలి. నోరు మూసుకుని, కళ్లు తెరిచి ఉన్న క్షణం దొరికే వరకు వరుసగా చాలా ఫొటోలు తీసి, వాటిలో ఒకటి ఎంచుకోండి. పెద్దల చేతులు, పాలపీక, బొమ్మలు ఫొటోలో కనిపించకూడదు.