ఫిలాసఫీలో ఇంకా పరిశోధించడానికి ఏముంది?

ప్రశ్న: మా అమ్మాయి మ్యాథ్స్‌తో డిగ్రీ చివరి ఏడాది చదువుతోంది. మార్కులు బాగానే వస్తాయి. ఇప్పుడేమో పీజీ ఫిలాసఫీలో చేసి, రీసెర్చ్ వైపు వెళ్తానని పట్టుబట్టింది. వేల ఏళ్లుగా పెద్దలు చెప్పేసిందే కదా, అందులో కొత్తగా పరిశోధించడానికి ఏముంటుంది? రేపు ఉద్యోగం మాటేమిటి? వద్దంటే ఆమెకు బాధ, సరేనంటే మాకు టెన్షన్. – ఒక తండ్రి

జవాబు: మీ మొదటి ప్రశ్నకు సరైన జవాబు బహుశా మీ అమ్మాయికీ తెలిసి ఉండదు. అందుకే ముందు దాని సంగతే చూద్దాం.

ఒక విషయం మనకు ‘తెలుసు’ అనాలంటే ఏం కావాలి? దాన్ని నమ్మాలి, అది నిజమై ఉండాలి, నమ్మడానికి తగిన ఆధారం ఉండాలి. ఈ మూడూ చాలనుకునేవాళ్లు. 1963లో ఎడ్మండ్ గెటియర్ అనే అమెరికన్ తత్వవేత్త మూడే మూడు పేజీల పేపర్‌తో దాన్ని కదిలించేశాడు. తమాషా ఏమిటంటే, ఆయన ఇచ్చిన ఒక ఉదాహరణ కూడా ఉద్యోగం గురించే. స్మిత్, జోన్స్ ఒకే ఉద్యోగానికి అప్లై చేశారు. జోన్స్‌నే తీసుకుంటామని కంపెనీ ప్రెసిడెంట్ స్మిత్‌తో అన్నాడు. జోన్స్ జేబులో ఉన్న నాణేలను స్మిత్ స్వయంగా లెక్కపెట్టాడు, పది ఉన్నాయి. దాంతో ‘ఉద్యోగం వచ్చేవాడి జేబులో పది నాణేలున్నాయి’ అనుకున్నాడు. తీరా ఉద్యోగం వచ్చింది స్మిత్‌కే. అతని జేబులోనూ పది నాణేలే ఉన్నాయి, ఆ సంగతి అతనికే తెలియదు! అనుకున్నది నిజమైంది, ఆధారమూ ఉంది. అయినా అతనికి ‘తెలుసు’ అందామా? కాకి వాలడం, తాటిపండు రాలడం లాంటిదే ఇది. కాకతాళీయం అంటాం గానీ తెలుసు అనం.

ఉద్యోగం జోన్స్‌కే అన్న మాట అబద్ధమైంది కదా, ‘అబద్ధం మీద కట్టిన నమ్మకం చెల్లదు’ అని ఇంకో షరతు పెడితే పోలేదా అనిపిస్తుంది. పోలేదు. ఆల్విన్ గోల్డ్‌మన్ అనే మరో తత్వవేత్త 1976లో ప్రచురించిన పేపర్‌లో ఒకతను కారులో పోతూ ఒక ధాన్యపు కొట్టాన్ని చూసి ‘అది కొట్టం’ అంటాడు. నిజంగానే అది కొట్టం. కానీ ఆ చుట్టుపక్కల ఉన్నవన్నీ సినిమా సెట్టింగుల్లా ముందు గోడ మాత్రమే ఉన్న బొమ్మలు. అతను ఏ అబద్ధాన్నీ ఆధారం చేసుకోలేదు, కళ్లతో చూసి చెప్పాడంతే. మరి తెలిసినట్టా, తెలియనట్టా?

ఈ రంగంలో రీసెర్చ్ చాలావరకు ఇలాగే నడుస్తుంది. ఒకరు షరతు పెడతారు, ఇంకొకరు తూట్లు పొడుస్తారు, మరొకరు అతుకు వేస్తారు. 2000 తర్వాత కొందరు ఇలాంటి కథల్ని మామూలు జనానికి చెప్పి, వాళ్లేమంటారో సర్వేలు కూడా చేస్తున్నారు. అక్కడ స్టాటిస్టిక్స్ తెలిసినవాళ్లకు మంచి పని ఉంది. లాజిక్, గణిత తత్వశాస్త్రం, నిర్ణయ సిద్ధాంతం (ఏ ఎంపిక మేలో లెక్కగట్టి చూసే శాస్త్రం) లాంటి వాటిలోనైతే మీ అమ్మాయి మ్యాథ్స్ నేరుగా పనికొస్తుంది.

జీవితానికి అర్థం వెతుక్కుంటూ ఫిలాసఫీలో చేరిన కుర్రాడొకడు ఆరు నెలలకు మళ్లీ నా దగ్గరికొచ్చాడు. “సెమిస్టరంతా ‘ఇలా అయితే అలా’లోని ‘అయితే’ అనే ఒక్క మాట మీదే పాఠాలు చెబుతున్నారండీ” అన్నాడు నీరసంగా. ‘వాన పడితే నేల తడుస్తుంది’ లాంటి వాక్యాలు ఎప్పుడు నిజమవుతాయన్నది నిజంగానే పెద్ద పరిశోధనాంశం. అది విని మీ అమ్మాయి కళ్లు మెరిస్తే ఒక దారి, మొహం వాడిపోతే ఇంకో దారి.

ఉద్యోగం విషయంలో మీ భయం ఉత్తిది కాదు. పీహెచ్‌డీ చేసినవాళ్లతో పోలిస్తే పర్మనెంట్ టీచింగ్ పోస్టులు తక్కువ. చాలామంది ఏళ్ల తరబడి కాంట్రాక్టు మీద నెట్టుకొస్తారు. అందుకే నా మాట కాస్త కటువుగానే ఉంటుంది: ఫెలోషిప్ వస్తేనే పీహెచ్‌డీ. అప్పు చేసి వద్దు. పీజీ వరకైతే ఇంత భయం అక్కర్లేదు. మ్యాథ్స్, ప్రోగ్రామింగ్ వదలకుండా ఉంటే పీజీ తర్వాత పక్కకు తిరగడానికి దారి ఉంటుంది. ఇప్పుడు ఎక్కడ విన్నా ఏఐ ఎథిక్స్ అంటున్నారు కదా అని, ఆ పేరు చూసి మాత్రం దూకొద్దు.

యూనివర్సిటీ పేరుకన్నా అక్కడి అధ్యాపకులు గత ఐదేళ్లలో ఏం రాశారో చూడమనండి. కొన్ని డిపార్ట్‌మెంట్లలో ప్రాచీన గ్రంథాల అధ్యయనమే ప్రధానం. అది తక్కువదని కాదు, మ్యాథ్స్ నుంచి వస్తున్న మీ అమ్మాయికి కావాల్సింది బహుశా అది కాకపోవచ్చు. సిలబస్‌లో ఫార్మల్ లాజిక్ (గుర్తులు, సూత్రాలతో చేసే తర్కం) ఉందో లేదో కూడా చూసుకోవాలి.

ఈలోగా గెటియర్ పేపర్ చదివి, దానికి తన పరిష్కారం రెండు పేజీల్లో రాయమనండి. మీరు కూర్చుని దానికి తూట్లు పొడవండి, దీనికి ఫిలాసఫీ చదివి ఉండక్కర్లేదు. ఆమె మళ్లీ రాయాలి. తర్వాత స్టాన్‌ఫర్డ్ ఎన్‌సైక్లోపీడియా ఆఫ్ ఫిలాసఫీలో (ఆన్‌లైన్‌లో ఉచితమే) ఆ అంశం మీదున్న వ్యాసం చదివి మూడోసారి రాయాలి. మూడోసారికి ఇంకా ఉత్సాహం మిగిలి ఉంటే ఆ కాగితాలు దాచిపెట్టమనండి. విదేశాల్లో చాలా యూనివర్సిటీలు దరఖాస్తుతో పాటు రైటింగ్ శాంపిల్ (తాము రాసిన వ్యాసం ఒకటి) అడుగుతాయి.