మూడో పేజీలో మీ వాడి ప్రశ్న

మైలాపూర్, చెన్నై

చి. అమ్మాయికి, ఆశీస్సులు.

ఆక్వేరియం చూసొచ్చి నువ్వు రాసిన వ్యాసం అందింది. పైన ‘గౌరవనీయులైన మేడమ్ గారికి’ అని రాశావు. మీ అమ్మా నేనూ టి.నగర్‌లో ఒకే ఇంట్లో పైవాటా, కిందివాటా అద్దెకుండి పదకొండేళ్ళు ఒకరి కూరలు ఒకరు తిన్నవాళ్ళం. పిన్నీ అను, చాలు.

రెండుసార్లు చదివాను. రెండోసారి మూడో పేజీ దగ్గర ఆగిపోయాను. నా పాత సంగతి ఒకటి గుర్తొచ్చి ఆ పూటకి ఇంక ముందుకి సాగలేదు. అది తర్వాత చెబుతాను. ముందు నీ వ్యాసం సంగతి.

మొదటి సగం బాగుంది. వేళచ్చేరి నుంచి పొద్దున్నే బయల్దేరడం, ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) మీద ట్రాఫిక్, కారు పడదని మీ అత్తగారు దారంతా నిమ్మకాయ వాసన చూస్తూ కూర్చోవడం, నీళ్ళ కింది సొరంగంలోకి అడుగు పెట్టగానే మీ వాడు తలెత్తి పైకి చూస్తూ వెనక్కి వెనక్కి నడిచి ఎవరి కాలో తొక్కడం. ఇవన్నీ నాకు కళ్ళకి కట్టాయి. రెండో సగానికి వచ్చేసరికి మీ కుటుంబం మొత్తం మాయమైపోయింది. ‘మూగజీవుల ఆక్రందన’, ‘మానవుడి స్వార్థం’, ‘అద్దాల బందిఖానా’ అని మొదలైంది. ఆ మాటలు నువ్వు అక్కడికి వెళ్ళకముందే తయారుగా ఉన్నాయమ్మా. టికెట్టు కొనకుండా ఇంట్లో కూర్చుని కూడా రాసెయ్యొచ్చు. నీ బాధ నిజమైందేనని నాకు తెలుసు. కానీ ఆ మాటల్లో అది ఎవరి బాధైనా కావచ్చు.

‘ఒక పెద్ద చేప అద్దం దగ్గరికొచ్చి నవ్వుతూ మమ్మల్ని పలకరించింది’ అని రాశావే, ఆ వాక్యం చదివాక నేను ఊరుకోలేక, జనం లేని పూట చూసుకుని, నేనూ వెళ్ళాను. నువ్వు చెప్పింది టేకు చేప, ఇంగ్లీషులో రే అంటారే, అది. ఒకే చోట నలభై నిమిషాలు నిలబడ్డాను. అది వచ్చింది. అద్దం మీద పొట్ట ఆనించి పైకి పాకింది. పొట్ట ఇడ్లీ పిండిలా తెల్లగా ఉంది. పైన రెండు చిన్న కన్నాలు, కింద వంపు తిరిగిన నోరు, అచ్చం పసిపిల్ల మొహం. నాకూ నవ్వుతున్నట్టే కనిపించింది. కానీ ఆ రెండు కన్నాలూ కళ్ళు కావు, ముక్కులు. దాని కళ్ళు వీపు వైపున ఉంటాయి. అంటే అది మన వైపు నవ్వుతున్నట్టు కనిపిస్తున్నంత సేపూ దాని చూపు మన మీద లేదు. నోటికి కింద అటు అయిదు, ఇటు అయిదు చీలికలుంటాయి, మొప్పలవి. ఒకదాని తర్వాత ఒకటి తెరుచుకుని మూసుకుంటున్నాయి. రెక్కల అంచు, దండెం మీద చీర గాలికి కదిలినట్టు, ముందు నుంచి వెనక్కి అలలా కదులుతోంది. తోక మొదట్లో పాత గాటు ఒకటి ఉంది.

అది వెళ్ళిపోయింది. కాసేపటికి ఇంకోటి వచ్చింది. దీనికీ తోక మొదట్లో గాటుంది. అప్పుడు అర్థమైంది, ఇది ఇంకోటి కాదు, అదే. ఆ నలభై నిమిషాల్లో ఆ గాటు నా ముందు నుంచి ఏడుసార్లు వెళ్ళింది. ప్రతిసారీ అదే మూల దగ్గర, అదే రాయి పక్కనుంచి, అటే తిరిగింది.

‘బందిఖానా’ అని రాయకు. గాటు గురించి రాయి, ఏడుసార్లు వచ్చిందని రాయి. చదివేవాళ్ళకి ఆ మాట వాళ్ళంతట వాళ్ళకే తడుతుంది. తట్టకపోయినా నష్టం లేదు, నువ్వు చూసిందైతే వాళ్ళ దగ్గరుంటుంది.

పోయిన సంవత్సరం దుబాయ్‌లో చూసిన డాల్ఫిన్ల షో గురించి రాసిన పేరా కూడా మళ్ళీ రాయాలి. ఒక చోట డాల్ఫిన్ నవ్వింది అన్నావు, నాలుగు వాక్యాల తర్వాత దాని కంట్లో కన్నీరు చూశానన్నావు. రెండూ నిజం కావు. ఆ నవ్వు దవడ వంపు. కడుపు నిండినా, జబ్బు పడినా, చచ్చి ఒడ్డుకి కొట్టుకొచ్చినా ఆ వంపు అలాగే ఉంటుంది. ఆ కన్నీరు, ఉప్పునీళ్ళ నుంచి కన్నుని కాపాడుకోడానికి ఎప్పుడూ ఊరే జిగురు. దాని మొహం మీద మన మొహాన్ని అతికించి జాలిపడితే ఆ జాలి మన మీదే.

నిజం ఇంతకంటే బరువైంది. ప్రతి డాల్ఫిన్‌కీ తనదైన ఈల ఒకటి ఉంటుంది. మనకి పేరెలాగో దానికి అది అలాగ. దూరంగా ఉన్నదాన్ని తోటివి ఆ ఈలని అనుకరించి పిలుస్తాయి. టిక్కుటిక్కుమని చప్పుడు పంపి, అది దేనికో తగిలి వెనక్కొస్తే దాన్నిబట్టి ముందేముందో తెలుసుకుంటాయి. మనలా ఊపిరి దానంతటదే ఆడదు వాటికి, ప్రతి శ్వాసా అనుకుని పైకొచ్చి తీసుకోవాలి. అందుకే నిద్రలో కూడా మెదడు సగమే పడుకుంటుంది. ఇప్పుడు నువ్వు రాసింది మళ్ళీ చదువుకో: ‘ట్రైనర్ ఈల వెయ్యగానే డాల్ఫిన్ పరుగున వచ్చి చేప అందుకుంది, అందరం చప్పట్లు కొట్టాం.’ ఈలనే పేరుగా పెట్టుకున్న ప్రాణికి, పని సరిగ్గా చేశావు, చేప ముక్క వస్తోంది అని చెప్పేదీ ఈలే. నువ్వు గమనించకుండానే మొత్తం ఆ వాక్యంలో పెట్టేశావు. దాని పక్కన కన్నీరు ఎందుకు?

ఫ్లోరిడా ఓర్కా గురించి ‘ట్రైనర్‌ని చంపిన క్రూర తిమింగలం’ అని ఒక్క ముక్కలో తేల్చేశావు. ఓర్కా డాల్ఫిన్ల కుటుంబంలోదే, వాటిల్లో అన్నిటికంటే పెద్దది. టిలికమ్ అని పేరు పెట్టిన ఆ మగ ఓర్కాని 1983లో ఐస్‌లాండ్ దగ్గర సముద్రంలో పట్టారు. అప్పటికి దానికి దాదాపు రెండేళ్ళు, మీ వాడికంటే చిన్నది. మగ ఓర్కాలు పెద్దయ్యాక కూడా తల్లి వెంటే తిరగడం పరిశోధకులు ఏళ్ళ తరబడి గమనించిన సంగతి. ఇది తల్లి లేకుండా కొలనుల్లో పెరిగింది. 2010 ఫిబ్రవరిలో ట్రైనర్ దాని చేతిలో చనిపోయింది. 2016లో దాన్ని ఉంచుకున్న సీవరల్డ్ సంస్థ, ఇక ఓర్కాలకి పిల్లల్ని పుట్టించబోమని ప్రకటించింది. 2017 జనవరిలో టిలికమ్ పోయింది. మనుషుల దగ్గర ముప్ఫైమూడేళ్ళు. రాస్తే ఈ లెక్కలతో రాయి. చనిపోయిన ట్రైనర్ వాటిని ప్రేమించి ఆ పనిలోకి వచ్చిన మనిషి అని కూడా మర్చిపోకు. లేదంటే ఆ పేరా తీసెయ్, నష్టం లేదు.

‘మన దేశంలో కూడా డాల్ఫిన్ షోలని నిషేధించాలి’ అన్న వాక్యం మాత్రం తప్పకుండా మార్చాలి. 2013 మేలోనే కేంద్ర పర్యావరణ శాఖ డాల్ఫినేరియంలకి అనుమతి ఇవ్వొద్దని రాష్ట్రాలకి చెప్పేసింది. డాల్ఫిన్లని ‘మనుషులు కాని వ్యక్తులు’గా చూడాలని ఆ ఉత్తర్వులోనే ఉంది. సర్కారీ కాగితంలో అలాంటి మాట కనపడటం అరుదు, నాకు మొదటిసారి చదివినప్పుడు ఒళ్ళు జలదరించింది. అంతకుముందు 2009లో గంగా డాల్ఫిన్‌ని జాతీయ జలచరంగా ఎంచుకున్నారు కూడా. కాబట్టి నీ ముందున్న ప్రశ్న వేరు. ఇక్కడ కుదరదని మన ప్రభుత్వం చెప్పినదాన్ని, మనం వీసా తీసుకుని వెళ్ళి చూసొచ్చాం. అందులో నువ్వున్నావు, మీ ఆయన ఉన్నాడు, టికెట్టు డబ్బులున్నాయి. అది రాయడం కష్టం. రాస్తేనే ఆ పేరా నిలబడుతుంది.

మీ అత్తగారి దగ్గరికొద్దాం. అద్దం దగ్గర ఆవిడ చెయ్యెత్తి దణ్ణం పెట్టుకుని, ‘మత్స్యావతారంరా నాన్నా’ అని మనవడికి చూపించిందని రాసి, ఆ తర్వాత ఆ వాక్యం మీద గీత కొట్టేశావు. గీతలోంచి చదివాను. ఎందుకు కొట్టేశావు? మూఢంగా ఉంటుందనా? బందరు నుంచి వచ్చిన మనిషి, ‘ఇది టేకు కదే, మా బజార్లో ముక్కలు కోసి అమ్మేవాళ్ళు’ అని కూడా అందట. దణ్ణం పెట్టిందీ ఆవిడే, వండి పెట్టిందీ ఆవిడే. ఈ రెండూ ఒకే నోటి నుంచి వచ్చిన ఆ క్షణం నీ వ్యాసంలో అన్నిటికంటే విలువైంది, తిరిగి పెట్టు. తెల్లారుజామున కాశిమేడు చేపల హార్బర్‌కి వెళ్తే అదే టేకు చేప సిమెంటు నేల మీద కుప్పల్లో ఉంటుంది. తినే చేతులకి అద్దం వెనక చేపని చూసి బాధపడే హక్కుందా అని ఎవరో ఒకరు నిన్ను తప్పకుండా అడుగుతారు. ఉందనే నేననుకుంటాను. కానీ ఆ ప్రశ్న నీకు తట్టనట్టు రాయకు.

చూడాలన్న కోరికని తిట్టకు. 1909లోనే మెరీనా ఒడ్డున ఆక్వేరియం కట్టారు. మా అమ్మమ్మ పెళ్ళయిన కొత్తలో చూసొచ్చి, ముసలితనం దాకా ఆ ముచ్చట చెప్పేది. పరదా చాటున పెరిగిన మనిషికి సముద్రం లోపల ఏముంటుందో చూడగలగడం చిన్న సంగతా?

అన్ని కంచెలూ ఒకటే అని కూడా రాయొద్దు. అదే ఈసీఆర్ మీద ఇంకాస్త ముందుకి వెళ్తే మొసళ్ళ బ్యాంకు ఉంది. పాముల నిపుణుడు రోములస్ విటేకర్ 1976లో మొదలుపెట్టాడు. అప్పటికి మన నదుల్లో మొసళ్ళు వేటకి బలై అంతరించిపోయే దశలో ఉన్నాయి. వాటిని కంచెలో ఉంచి గుడ్లు పెట్టించి సంతతి పెంచారు. 1988 నుంచి చెన్నైలో కాలేజీ పిల్లలు తాబేళ్ళ కోసం రాత్రిళ్ళు ఇసుకలో నడుస్తున్నారు. ఆలివ్ రిడ్లీ జాతి తల్లి తాబేలు గుడ్లు పెట్టి వెళ్ళిపోయాక, కుక్కలూ మనుషులూ తవ్వేయకుండా వాటిని తీసుకొచ్చి కంచె కట్టిన చోట పూడుస్తారు. నెలన్నర దాటాక పిల్లలు బయటికొస్తే నీళ్ళ దగ్గరికి తీసుకెళ్ళి వదిలేస్తారు. అదీ కంచే. దాన్నీ సొరంగాన్నీ పక్కపక్కన పెట్టి చూడు, నీకే తేడా తెలుస్తుంది. జనవరి తర్వాత వచ్చే శనివారాల్లో మీ వాణ్ణి తీసుకుని రా, నీలాంకరై వైపు నుంచి నడుద్దాం. తల్లి తాబేలు కనపడకపోవచ్చు. 2025 జనవరిలో ఇదే తీరానికి చచ్చిన తాబేళ్ళు వందల కొద్దీ కొట్టుకొచ్చాయి, అలాంటిదీ ఎదురుపడొచ్చు. దానికి సిద్ధపడి రా.

ఇక నా సంగతి.

1998లో, మహాబలిపురం రోడ్డు మీది ఒక పార్కుకి బల్గేరియా నుంచి డాల్ఫిన్లని తెచ్చారు. మా అమ్మాయికి అప్పుడు ఆరేళ్ళు. పరీక్షలు అయిపోగానే తీసుకెళ్తానని మాటిచ్చాను. పలక మీద రోజూ డాల్ఫిన్ బొమ్మ వేసేది, చెరిపేసి మళ్ళీ వేసేది. మేం వెళ్ళే లోపే, వచ్చి ఆరు నెలలు తిరక్కుండానే, అవి ఒక్కటీ మిగల్లేదు. ఆ వార్త పేపర్లో చదివి పేపరు మడిచి పరుపు కింద పెట్టేశాను. ఎప్పుడెళ్తాం అని అడిగితే, ‘ఇక్కడి ఎండ పడక వాళ్ళ సముద్రానికి వెళ్ళిపోయాయమ్మా’ అన్నాను. ఎటు అని అడిగింది. ఆ సాయంత్రం బీసెంట్ నగర్ బీచ్‌కి తీసుకెళ్ళి, నీళ్ళ వైపు వేలు చూపించాను. అది అటు తిరిగి చాలాసేపు చెయ్యి ఊపింది.

కాలేజీలో ఉండగా ఎక్కడో చదివి ఫోన్ చేసింది. కోప్పడలేదు. ‘నేను టాటా చెప్పాను కదమ్మా’ అని మాత్రం అంది.

ఆ రోజుల్లో నేను వారం వారం ఒక పత్రికకి రాస్తుండేదాన్ని. ఆ వారం ఆవకాయ మీద రాశాను. డాల్ఫిన్ల గురించి ఆ వారం రాయలేదు, తర్వాతా రాయలేదు. ఇన్నేళ్ళకి ఈ ఉత్తరంలో నీకు రాస్తున్నాను.

అందుకే మూడో పేజీ దగ్గర ఆగిపోయాను. ‘అమ్మా, ఇది మళ్ళీ మళ్ళీ ఇటే ఎందుకొస్తోంది?’ అని మీ వాడు అడిగాడని రాశావు. మీ వాడు కూడా గాటు చూశాడన్నమాట, నాకంటే ముందే. తర్వాతి వాక్యంలో అందరూ ఫుడ్ కోర్టులో ఐస్‌క్రీమ్ తింటున్నారు. మధ్యలో నువ్వు వాడికేం చెప్పావు? ఏదో చెప్పే ఉంటావు. దాటవేశావా, నవ్వేసి చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళావా, నువ్వంటే ఇష్టం కాబట్టి వస్తోంది అన్నావా? ఏమన్నావో, అది విని వాడి మొహం ఎలా అయిందో, అన్న మాట అన్నట్టే రాసి ఆ ఒక్క పేజీ ముందు పంపు. మిగతావి తర్వాత చూద్దాం.

మీ అత్తగారికి నా నమస్కారాలు చెప్పు. వాడికి ముద్దులు.

ఉంటాను,
పిన్ని